పెన్సిల్ పడని ప్లేటు

సెలెస్టీన్ బెయిన్ కుర్చీ ఉత్తరపు కిటికీ దగ్గర ఉండేది. ఉత్తరపు వెలుగు రోజంతా ఒకేలా ఉంటుంది. గిట్టెన్స్ మాస్టారి ఫొటో స్టూడియోలో ఆ కిటికీ ఒక్కటే ఆమెది. మిగతావన్నీ ఆయనవి: కెమెరా, నల్లగుడ్డ, తోట బొమ్మ వేసిన తెర, కూర్చునేవాళ్ళ కోసం వంపు చేతుల కుర్చీ.

గాజు ప్లేటు మీద మనిషి రంగులు తారుమారై ఉంటాయి. నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా. ఆమె ఆ ప్లేటును వాలు చట్రంలో నిలబెట్టి, కింద అద్దం తిప్పి, కిటికీ వెలుగును ప్లేటు గుండా పైకి పంపేది. గాజు మీద పెన్సిల్ గీత పట్టడానికి వేలికొసతో ఒక చుక్క వార్నీషు రాసేది. తర్వాత సూదిలా చెక్కిన పెన్సిల్‌తో, భూతద్దంలోంచి చూస్తూ, ముఖం మీద చిన్న చిన్న గీతలు పెట్టేది. ప్లేటు మీద పెన్సిల్ పడిన చోట కాగితం మీద తెలుపు వస్తుంది. ముందు మొటిమ పోతుంది. కంటి కింద గుంట పోతుంది. తర్వాత బుగ్గలు, నుదురు, ముక్కు పక్కలు. రెండు ఛాయలు. కొందరికి మూడు.

దిద్దమని ఎవరూ అడిగేవారు కాదు. వద్దని కూడా ఎవరూ అనేవారు కాదు. మా సెయింట్ జార్జెస్ ఊళ్ళో అది మర్యాద. దర్జీ నడుం దగ్గర కొంచెం వదులు ఉంచినట్టు. గ్రెనడా దీవిలో ఏ ఇంటికి వెళ్ళినా ముందు గదిలో ఒక పెళ్ళి ఫొటో ఉంటుంది. అందులో పెళ్ళికూతురు, ఆ ఫొటో కింద కూర్చుని మనకి కోకో టీ ఇస్తున్న ఆవిడ కంటే రెండు ఛాయలు తెల్లగా ఉంటుంది. ఎవరికీ అబద్ధంలా అనిపించదు.

పదిహేనో ఏట నుంచి ఆమె ఆ పని చేసింది. ఇరవై నాలుగు వచ్చేసరికి ఊళ్ళో ప్రతి గోడ మీదా ఆమె పెన్సిల్ ఉంది. ఎవరికి ఎంత పట్టిందో ఆమెకి తెలుసు. ఆ మాట ఎప్పుడూ బయటికి రాలేదు. అమ్మానాన్నలు పోయాక పెంచిన పెద్దమ్మ ఒఫీలియాకి కూడా చెప్పేది కాదు. ఒఫీలియాని ఊరంతా టాంటీ అనేది.

"ఆ కొండ మీది పాస్కో దొరసానికి ఎంత పూశావే? నాకొక్కదానికి చెప్పు," అనేది టాంటీ.

"మొటిమ ఒకటి తీశాను."

"మొటిమేనా? మొహమంతా ఒకటే మొటిమా?"

సెలెస్టీన్ నవ్వేది. చెప్పేది కాదు.

యుద్ధం మూడేళ్ళుగా నడుస్తోంది. పోస్టాఫీసు గోడ మీద ఒక కాగితం అంటించారు. ఇంగ్లండులో సైన్యపు స్త్రీల దళానికి మనుషులు కావాలి. టైపు వచ్చినవాళ్ళు, వంట వచ్చినవాళ్ళు, బండి నడపడం వచ్చినవాళ్ళు. చివరి వరుసలో, ఫొటో ప్లేట్లు కడగడం వచ్చినవాళ్ళు.

ఆ కాగితం చూసి ముందు కదిలింది అడెలా నోయెల్. కాన్వెంటు బడిలో లెక్కల టీచరు. టైపు వచ్చు, బండి నడపడం వచ్చు. ఫారంతో ఫొటో పంపాలి కనుక స్టూడియోకి వచ్చింది. ఫొటో తీశాక కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా మొహం ముట్టుకోకు, సెలెస్టీన్."

"గడ్డం మీద చిన్న మచ్చ ఉంది టీచర్. అదొక్కటే..."

"అదీ నాదే."

ప్లేటు అలాగే వెళ్ళింది. తొమ్మిదేళ్ళలో పెన్సిల్ తగలకుండా బయటికి వెళ్ళిన ముఖం అదొక్కటే. ఆరు వారాల తర్వాత అడెలాకి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆమె ఆసక్తికి కృతజ్ఞతలు. ప్రస్తుతం ఖాళీలు లేవు. పోస్టాఫీసు గోడ మీద కాగితం మాత్రం అలాగే ఉంది. జనవరిలో పాస్కో దొరసాని పెద్ద కూతురు అదే దళంలో చేరి ఓడ ఎక్కింది. ఆమెకి టైపు రాదు.

నియమం ఏ గోడ మీదా రాసి లేదు. అచ్చమైన యూరప్ సంతతి అయి ఉండాలని లండన్‌లో ఎక్కడో ఒక ఫైలులో ఉందట. అందరికీ తెలిసిన మాటే. ఎవరూ చూడని మాట.

సెలెస్టీన్‌కి అవన్నీ పట్టలేదు. ఆమె చూసింది చివరి వరుస ఒక్కటే. విమానాల్లోంచి తీసిన ఫొటోలు వేలకొద్దీ వస్తాయని, వాటిని కడిగే చేతులు చాలడం లేదని గిట్టెన్స్ మాస్టారు పత్రికలో చదివి వినిపించాడు. నదులు, వంతెనలు, రైలు పట్టాలు. ముఖాలు లేని ప్లేట్లు. ఎవరినీ తెల్లబరచక్కర్లేని ప్లేట్లు. ఆ మాట విన్న రోజు ఆమె పెన్సిల్ చెక్కుతూ చాలాసేపు ఆగిపోయింది.

ఫారం నింపింది. ఫాదరు ఉత్తరం, డాక్టరు కాగితం జతచేసింది. ఒక మంగళవారం మాస్టారు ఆమెనే వంపు చేతుల కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశాడు. ఆ రోజు ఆరు ప్లేట్లు ఆరాయి. ఒక పెళ్ళి జంట, ఒక బ్యాంకు గుమాస్తా, చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకున్న ఇద్దరు ఆడపిల్లలు, ఆమె, ఒక ముసలాయన. ఆమె వరుసలో చట్రం మీద పెట్టుకుంటూ పోయింది. వరుసలోనే దిద్దింది. ఐదోది ఆమెది. మిగతావాటికి పట్టినంత సేపే పట్టింది.

ఏప్రిల్లో జవాబు వచ్చింది. పోస్టుమాన్ స్టూడియో గుమ్మంలోనే నిలబడి, విప్పేదాకా కదల్లేదు. మీ ఫొటోను, ధ్రువపత్రాలను పరిశీలించి మిమ్మల్ని ఎంపిక చేశాం. వచ్చే బుధవారం స్థానిక బోర్డు ముందు హాజరు కావలెను. లాంఛనం మాత్రమే.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సాయంత్రం ఆమె చేపల కోసం బజారుకి వెళ్ళింది. జాక్ చేపలు అమ్మే ఎమెరెన్సియా తట్ట మీద నుంచి ఈగల్ని తోలుతూ పెద్ద గొంతుతో పలకరించింది.

"రండి దొరసాని గారూ! మా చేపలు మీ నోటికి ఆనతాయా?"

"ఏంటి ఎమెరెన్సియా, పొద్దున లేని దొరసాని ఇప్పుడెక్కడ నుంచి వచ్చింది?"

"నాకేం తెలుసమ్మా! తెల్లోళ్ళకిచ్చే కాగితం నీకిచ్చారంట. నోయెల్ టీచరమ్మకి లేనిది నీ దగ్గర ఏముందో నువ్వే చెప్పాలి." పక్క తట్టలవాళ్ళు నవ్వారు. "ఏం రాసిచ్చావే? మీ నాయన ఇంగ్లండు రాజుగారి బావమరిదనా?"

సెలెస్టీన్ చేపలు కొనలేదు. వెనక్కి నడిచింది. స్టూడియో తాళం తీసి, ప్లేట్లు దాచే అరలోంచి తనది బయటికి లాగింది. కిటికీకి ఎత్తి పట్టుకుంది. బుగ్గల మీద, నుదుటి మీద, ముక్కుకి రెండు పక్కలా చిన్న చిన్న గీతలు. తన గీతలే. ఇంకెవరి చేతిలో అయినా ఉంటే మెచ్చుకునేంత పొందిగ్గా ఉన్నాయి.

రెండు ఛాయలు.

ఆమె అబద్ధం రాయలేదు. ఫారంలో రంగు అడగలేదు. అయినా ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అడెలా వచ్చింది. బడికి వెళ్ళే బట్టల్లోనే. గొడుగు మూయకుండానే లోపలికి వచ్చింది.

"ప్లేటు చూపించు."

సెలెస్టీన్ చూపించింది. అడెలా దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"నీ మొహం నువ్వే దిద్దుకున్నావు."

"తెలీకుండా చేశాను టీచర్. చెయ్యి చేసేసింది."

"ఆ చెయ్యి ఎవరిది?"

అడెలా గొడుగు మూసింది. ఆమె గొంతు తగ్గింది. తగ్గినకొద్దీ గట్టిపడింది.

"విను. నన్ను కాదన్నారు, ఎందుకో రాయలేదు. ఎవరిని అడిగినా అలాంటి నియమమేదీ లేదంటారు. రుజువేదీ అంటారు. ఇప్పుడు రుజువు నీ దగ్గరుంది. నా ఫొటోకి కాదన్నారు. నీ ఫొటోకి అవునన్నారు. రెండింటికీ మధ్య ఉన్నది నీ పెన్సిల్ ఒక్కటే."

"మీ ఫొటో, నా ఫొటో వేరు వేరు మనుషులవి కదా టీచర్. పని చూసి కాదన్నామంటారు."

"అంటారు. అందుకే నీదే ఇంకోటి కావాలి. దిద్దనిది. అదే మనిషి, అదే ఫారం."

సెలెస్టీన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"అది చూపిస్తే నా కాగితం పోతుంది."

"పోతుంది."

"మీకు పోయింది కాబట్టి నాదీ పోవాలా?"

అడెలా ముఖం మీద దెబ్బ తగిలినట్టయింది. తర్వాత గొడుగు తీసుకుంది.

"పోవాలని కాదు. నువ్వు బోర్డు ముందు ఎలాగూ నిలబడాలి, పిల్లా. అక్కడ నీ మొహం మీద ఎవరు దిద్దుతారు?"

టాంటీ దగ్గర దానికి జవాబు ఉంది. చేతికి పొడుగు తొడుగులు, టోపీకి వల, మెడ దాకా గుండీలు. బియ్యప్పిండి పౌడరు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కిటికీకి వీపు పెట్టి కూర్చో. నవ్వకు. నవ్వితే పౌడరు బీటలిస్తుంది."

"టాంటీ, ఆ బోర్డులో పాస్కో దొరసాని ఉంటుంది. నన్ను తొమ్మిదేళ్ళుగా ఎరుగును."

"ఆవిడే ఏం మాట్లాడదు చూడు. ఆవిడ మొహం ఎవరు దిద్దారో ఆవిడకి తెలీదా? కాగితం చేతిలో ఉంది, ఓడెక్కేసెయ్. నోయెల్ టీచరు జెండా నోయెల్ టీచరే మోసుకోనీ."

గిట్టెన్స్ మాస్టారు అంతకంటే తక్కువ మాట్లాడాడు. ఆయనకి అరవై ఏడు. చేతులు వణుకుతాయి కనుక పదేళ్ళుగా పెన్సిల్ పట్టలేదు.

"నీ ఇష్టం, అమ్మాయ్. కానీ ఒకటి ఆలోచించు. ఆ గీతల సంగతి బయట పెడితే నీ ఒక్క ప్లేటు కాదు, ఊళ్ళో ప్రతి గోడా కదులుతుంది. రేపు పొద్దున ప్రతివాడూ తన పెళ్ళి ఫొటో ముందు నిలబడి అద్దం చూసుకుంటాడు. వాళ్ళేం నేరం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు మాస్టారూ."

"మరి?"

"నేనూ చెయ్యలేదు."

బోర్డు బుధవారం. సోమవారం, మంగళవారం ఆమె మామూలుగా పనిచేసింది. నాలుగు ప్లేట్లు దిద్దింది. ఒక్కో ప్లేటుకి మామూలు కంటే రెండింతలు సేపు పట్టింది. ప్రతి గీతకీ ముందు చెయ్యి ఆగింది. మంగళవారం మధ్యాహ్నం మాస్టారు భోజనానికి వెళ్ళాక తన ప్లేటు తీసింది. ముందు దానితో ఒక కాపీ అచ్చు వేసుకుంది, దిద్దినది. తర్వాత దూదికి టర్పెంటైన్ అద్దింది.

దూదిని నుదుటి మీద పెట్టి ఆగింది. ఒకసారి తుడిస్తే ఆ ముఖం మళ్ళీ రాదు. మళ్ళీ దిద్దవచ్చు, కానీ అదే గీతలు రావు. లండన్ అవునన్నది ఆ గీతల్నే.

తుడిచింది. దూది బూడిదరంగుకి తిరిగింది. ఇంకో దూది. మూడోది తెల్లగానే వచ్చింది. ప్లేటుని కాగితంతో కలిపి చట్రంలో బిగించి వెనక మెట్ల మీద ఎండలో పెట్టింది. మెట్ల మీదే కూర్చుని చూసింది. కాగితం నెమ్మదిగా నల్లబడింది. ముందు జుట్టు, తర్వాత కనుబొమలు, తర్వాత ముఖం. బుగ్గ మీద చిన్నప్పుడు వంటింట్లో కాలిన మచ్చ. దాని సంగతే ఆమె మర్చిపోయింది.

బుధవారం పౌడరు పూసుకోలేదు. టాంటీ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"తొడుగులైనా వేసుకోవే!"

"ఎండగా ఉంది టాంటీ."

కొండ మీది సర్కారు భవనంలో ఆ గదిలో ఏం జరిగిందో, ఆమె టాంటీకి చెప్పినదీ, బోర్డులో ఉన్న డాక్టరు తర్వాత క్లబ్బులో చెప్పినదీ కలిపితే ఇలా ఉంటుంది. మేజా వెనక ముగ్గురు. మధ్యలో కొత్తగా ఇంగ్లండు నుంచి వచ్చిన కెప్టెన్ లోరిమర్. ఒక పక్క డాక్టరు. ఇంకో పక్క పాస్కో దొరసాని, తెల్ల తొడుగులతో. మేజా మీద ఐదు ఫైళ్ళు, ఒక్కోదానికి ఒక్కో ఫొటో గుచ్చి ఉంది. ఊళ్ళో స్టూడియో ఒక్కటే. ఐదూ సెలెస్టీన్ చేతి కిందుగా వెళ్ళినవే. తలకిందులుగా ఉన్నా ఆమె గుర్తుపట్టింది. రెండో ఫైలు పాస్కో దొరసాని చిన్న కూతురు వినిఫ్రెడ్‌ది.

కెప్టెన్ ఫొటో చూశాడు. ఆమెని చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. పంకా తిరుగుతోంది.

"ఇది మీ ఫొటోయేనా, మిస్ బెయిన్?"

"నాదే సర్. దిద్దినది." ఆమె సంచి తెరిచి ఇంకోటి తీసి పక్కన పెట్టింది. "ఇది దిద్దనిది. అదే ప్లేటు."

డాక్టరు కుర్చీలో ముందుకి వంగాడు. పాస్కో దొరసాని వెనక్కి జరిగింది.

"ఎవరు దిద్దారు?"

"నేనే. అది నా ఉద్యోగం."

"ఎందుకు?"

"అలవాటు సర్. ఆ రోజు ఆరు ప్లేట్లున్నాయి. ఆరూ దిద్దాను."

కెప్టెన్ రెండు ఫొటోల్నీ పక్కపక్కన జరిపాడు. అతను తెలివితక్కువవాడు కాదు. అతని చూపు మేజా మీద మిగతా నాలుగు ఫైళ్ళ మీదికి పోయింది.

"ఇవి కూడా మీరు దిద్దినవేనా?"

"అవును సర్."

"అన్నిటికీ ఇంతే దిద్దారా?"

పాస్కో దొరసాని తొడుగు వేలికొస దగ్గర లాగుతోంది. ఒక్కో వేలూ. చిటికెన వేలు దాకా వచ్చింది. సెలెస్టీన్ ఆ చేతుల్నే చూస్తోంది. ముఖం వైపు చూడలేదు. చూసి ఉంటే అది జవాబయ్యేది.

"ఎవరికి ఎంత పట్టిందన్నది ప్లేటుకీ నాకూ మధ్య మాట సర్. అది బయట చెప్పే ఉద్యోగం కాదు నాది. నా ప్లేటు సంగతి అడిగారు, చెబుతాను. రెండు ఛాయలు పట్టింది."

తొడుగు ఆగిపోయింది.

"అంటే ఫొటో చూసి మేం ఏమీ తెలుసుకోలేం."

"మొహం చూసి కూడా ఎప్పుడూ తెలియదు సర్."

"మరి దేన్ని చూసి తెలుసుకోవాలి?"

"దేని కోసం తెలియాలి సర్? ప్లేట్లు కడగడానికా?"

డాక్టరు దగ్గాడు. అది నవ్వని ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. కెప్టెన్ నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు. చాలాసేపు రాసుకున్నాడు. బయటికి వచ్చేటప్పుడు పాస్కో దొరసాని లేచి తలుపు దాకా వచ్చింది. ఆవిడ ఎవరికీ అలా లేచి రాదు. తలుపు తనే తెరిచి పట్టుకుంది.

మూడు వారాల్లో రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీ ఆసక్తికి కృతజ్ఞతలు. ప్రస్తుతం ఖాళీలు లేవు. నలుగురు ఓడ ఎక్కారు. వినిఫ్రెడ్ వాళ్ళలో ఉంది.

సెలెస్టీన్ ఉత్తరాన్ని అడెలా ఇంటికి తీసుకెళ్ళింది. అడెలా పిల్లల పుస్తకాలు దిద్దుతోంది. ఎర్ర పెన్సిల్ కింద పెట్టింది.

"అదే ఉత్తరం," అంది చదివి. "కామాలు కూడా అవే."

"మొన్న మీతో ఒక మాట అన్నాను టీచర్."

"అన్నావులే. నేను వినలేదు." పక్క కుర్చీ లాగింది. "కూర్చో. భోంచేశావా?"

మూడు ఫొటోలు పంపాలని ఇద్దరూ అనుకున్నారు. అడెలాది ఒకటి, సెలెస్టీన్‌వి రెండు. వాటితో మూడు ఉత్తరాల నకళ్ళు: ఒక అవును, రెండు కాదులు. శాసనసభలో సభ్యుడు ఒకాయన వాటిని లండన్‌కి చేరుస్తానన్నాడు. అయితే సెలెస్టీన్ ఫొటోలు రెండూ ఒకే ప్లేటువని ఎవరు చెప్పాలి? అది చెప్పగలిగినవాడు ఒక్కడే.

గిట్టెన్స్ మాస్టారు మూడింటినీ బల్ల మీద పరిచి నిలబడ్డాడు. సెలెస్టీన్ అడగలేదు. ఆయన సొరుగు తెరిచాడు, స్టూడియో ముద్ర తీశాడు. చేతులు వణుకుతున్నాయి కనుక ముందు ఒక పాత కాగితం మీద వేసి చూశాడు. తర్వాత మూడు ఫొటోల వెనకా వేశాడు. రెండింటి కింద ఒకే ప్లేటు నంబరు తన చేత్తో రాసి సంతకం పెట్టాడు.

"గోడల సంగతి మాస్టారూ?" అంది ఆమె.

"గోడలు ఎక్కడికీ పోవులే, అమ్మాయ్."

ఆ నెలలో స్టూడియోకి వచ్చేవాళ్ళు తగ్గారు. మాట ఎలాగో బయటపడింది. ఒకాయన తన పెళ్ళి ఫొటో తెచ్చి బల్ల మీద పడేసి, ఇది నా పెళ్ళామా కాదా చెప్పమని అరిచాడు. టాంటీ చర్చిలో తన వరుసలో ఒక్కతే కూర్చుంది. జూన్ చివర ఒక రోజు పాస్కో దొరసాని గుర్రబ్బండి దిగి లోపలికి వచ్చింది. టోపీ తీసి వంపు చేతుల కుర్చీలో కూర్చుంది. మాస్టారు తీశాడు. ఆవిడ లేవలేదు. కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

"మామూలుగానే కదా?" అంది చివరికి.

"మీరెలా చెబితే అలా, అమ్మగారూ."

బయట గుర్రం కాలు నేలకేసి కొట్టింది.

"మామూలుగానే."

సెలెస్టీన్ మామూలుగానే దిద్దింది. ఆ ప్లేటుకి మూడు ఛాయలు పట్టిందని ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. మాకు తెలుసు.

ఆగస్టులో పోస్టాఫీసు గోడ మీద పాత కాగితం చింపి కొత్తది అంటించారు. ఏ జాతివారైనా దరఖాస్తు చేసుకోవచ్చు. అది ఆ మూడు ఫొటోల వల్ల జరిగిందని ఎవరూ అనలేదు. ఆ ఏడు చాలా దీవుల నుంచి చాలా కాగితాలు వెళ్ళాయట. లండన్‌లో ఎవరెవరో ఎవరెవరితోనో పోట్లాడారట. సెలెస్టీన్ ఆ కాగితం ముందు నిలబడి మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివింది. చివరి వరుస అలాగే ఉంది. ఫొటో ప్లేట్లు కడగడం వచ్చినవాళ్ళు.

కొత్త ఫారానికి కొత్త ఫొటో కావాలి. మళ్ళీ వంపు చేతుల కుర్చీలో కూర్చుంది. మాస్టారు నల్లగుడ్డ కింద నుంచి అన్నాడు:

"గడ్డం కొంచెం పైకి. నువ్వేమైనా ఉరికంబం ఎక్కుతున్నావా?"

తీయడం అయ్యాక ఆమె పెన్సిళ్ళు సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఆయన చేతికిచ్చింది.

"ఇవాళ్టికి వెళ్తాను మాస్టారూ. ప్లేటు మీరే కడిగి మీరే అచ్చు వెయ్యండి. నేనుంటే చెయ్యి ఊరుకోదు."

అడెలా కూడా మళ్ళీ ఫారం పంపింది. ఆమెకి ఎంపిక ఉత్తరం సెప్టెంబరు చివర వచ్చింది. సెలెస్టీన్‌ది రాలేదు. ట్రినిడాడ్ వెళ్ళే పడవ అక్టోబరు ఎనిమిది, శుక్రవారం. అక్కడి నుంచి పెద్ద ఓడ. సోమవారం రాలేదు. బుధవారం రాలేదు. ఎమెరెన్సియా చేపలు ఊరికే ఆకులో చుట్టి ఇచ్చింది, ఎగతాళి చెయ్యలేదు. అది ఎగతాళి కంటే భయంగా ఉంది. పాత ఫైలులో కెప్టెన్ ఏం రాశాడో ఎవరికీ తెలియదు. బోర్డు ముందు ఎదురు ప్రశ్న వేసిన మనిషని రాసి ఉండవచ్చు. రెండు ముఖాలు చూపించిన మనిషని రాసి ఉండవచ్చు. అడెలా పెట్టె సర్దుకుని, మళ్ళీ విప్పింది.

"నువ్వు లేకుండా నేను వెళ్ళను."

"వెళ్ళాలి టీచర్. లేకపోతే మళ్ళీ ఖాళీలు లేవంటారు. ఈసారి అది నిజమవుతుంది."

గురువారం టపా ఓడ మధ్యాహ్నానికి వచ్చింది. సంచులు విప్పడానికి రెండు గంటలు పట్టింది. పోస్టుమాన్ హాలిఫాక్స్ వీధి పైకి నడిచి వస్తుంటే తలుపుల్లో జనం నిలబడి చూశారు. అతను పరుగెత్తలేదు, అతనికి మోకాళ్ళ నొప్పి. స్టూడియో గుమ్మంలో కవరు అందించి, మొదటిసారి లాగే, విప్పేదాకా కదల్లేదు.

ఎంపిక చేశాం. ఫొటో శాఖ. శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు రేవులో హాజరు కావలెను.

టాంటీ సాయంత్రానికే బట్టలన్నీ కుట్టేసింది. పౌడరు డబ్బా కూడా పెట్టెలో పెట్టింది. సెలెస్టీన్ తీసి బయట పెట్టింది. టాంటీ మళ్ళీ పెట్టింది.

"అక్కడ చలికి చర్మం పగులుతుందంటే! తెల్లబడ్డానిక్కాదు ఇది!"

ఈసారి తీయలేదు.

రేవులో తొమ్మిదిమంది అమ్మాయిలు వరుసలో నిలబడ్డారు. పడవ ఎక్కే నిచ్చెన దగ్గర మేజా వేసుకుని కెప్టెన్ లోరిమర్ కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి, గుర్తింపు కాగితం మీది ఫొటో చూసి, మనిషిని చూసి, ముద్ర వేస్తున్నాడు. అడెలా అయింది. నిచ్చెన మొదటి మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది. కదలమన్నా కదల్లేదు.

"మిస్ బెయిన్."

ఆమె ముందుకి వచ్చింది. సంచిలోకి చెయ్యి పెట్టలేదు. సంచిలో రెండో ఫొటో ఏదీ లేదు. గడ్డం కొంచెం పైకి ఎత్తింది, మాస్టారు చెప్పినట్టు. ఒడ్డున గుంపులో టాంటీ మాస్టారి చెయ్యి పట్టుకుంది.

కెప్టెన్ కాగితం మీదికి చూశాడు. బుగ్గ మీద కాలిన మచ్చ. ఆమె వైపు చూశాడు.

ఒక్కసారే చూశాడు. ముద్ర వేశాడు.

"తర్వాత," అన్నాడు.